లార్డ్ ఆఫ్ ద రింగ్స్ అయిపోయాక పట్టుకున్న దిగులు: ఇప్పుడేం చెయ్యాలి, మళ్ళీ ఎప్పుడు, ఎలా చదవాలి

మీ ప్రశ్న ఇదీ: టోల్కీన్ 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదటిసారి చదవడం పూర్తయి రెండు వారాలైంది. వెనకున్న అనుబంధాలు తెరవలేదు. అప్పట్నుంచీ ఏ పుస్తకం పట్టుకున్నా మనసు నిలవడం లేదు. మర్నాడే మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెడితే నలభై పేజీలకే చప్పగా తోచి మూసేశారు. ఇది మామూలేనా, మళ్ళీ చదివితే మొదటి అనుభవం కూడా చెడిపోతుందా, చదివి వినిపించమంటున్న పదేళ్ళ పాపకు ఇది తగిన పుస్తకమేనా?

దిగులు మామూలేనండీ. మళ్ళీ చదవండి, కానీ ఇప్పుడే వద్దు. పద్ధతిగా చదివితే మొదటి అనుభవానికి ఏమీ కాదు. పాపకు వినిపించవచ్చు, కాకపోతే చిన్న ఏర్పాటు కావాలి. ఇక వివరంగా.

ఈ నవలను మూడు సంపుటాలుగా అమ్ముతారు గానీ లోపల ఆరు భాగాలు, మొత్తం 62 అధ్యాయాలు. నాలుగున్నర లక్షల మాటలకు తక్కువ ఉండదు. నిమిషానికి 200 మాటల చొప్పున చదివినా 37, 38 గంటలు. రోజూ గంట చదివేవాళ్ళకు నెల దాటుతుంది. అంటే పుస్తకం ముగిసేసరికి రోజులో ఒక గంట దాని పేర రాసిచ్చేసి ఉంటారు. పుస్తకం పోతుంది, ఆ గంట మిగిలిపోతుంది. దిగులులో పెద్ద వాటా ఆ ఖాళీదే. అందుకే ముందు చెయ్యాల్సిన పని ఆ గంటను ఫోన్‌కు అప్పగించకుండా చదువుకే ఉంచడం. ఏం చదవాలో కింద చెబుతాను.

రెండో కారణం మనుషులు. 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు, రేడియోలో టీవీలో రోజూ పలకరించే మనుషులతో శ్రోతలూ ప్రేక్షకులూ పెంచుకునే ఏకపక్ష స్నేహం గురించి రాశారు. కథల్లో పాత్రల విషయంలోనూ ఇదే జరుగుతుందని తర్వాతివాళ్ళు చూశారు. కథానాయకుడు ఫ్రోడో వెంట చివరిదాకా నడిచిన శామ్ మీకు నెల రోజులుగా తెలిసిన మనిషి. ఊరొదిలి వెళ్ళిపోయిన స్నేహితుడి మీద ఉండే బెంగే ఇది.

మూడో కారణం ఈ పుస్తకానికే ప్రత్యేకం, చాలామంది గమనించనిది. ఇది నష్టం గురించి రాసిన పుస్తకం. ఫ్రోడో మోసుకెళ్ళే శత్రువు ఉంగరం నాశనమైతే, దాంతో పాటు ఎల్ఫులనే చావులేని జాతి మూడు ఉంగరాల శక్తీ పోతుందని రివెండెల్ సభలోనే అనుకుంటారు. లోత్లోరియన్ అడవిలో ఎల్ఫుల దొరసాని గలాడ్రియల్ ఆ మాటే మరీ స్పష్టంగా చెబుతుంది. గెలిచినా లోకం మునుపటిలా ఉండదు. ఫ్రోడో గాయం మానదు. ఉంగరం ఆరో భాగం మూడో అధ్యాయంలో నిప్పులో పడిపోతుంది, ఆ తర్వాత ఇంకా ఆరు అధ్యాయాలున్నాయి. సాహస కథ రాసే ఇంకెవరైనా రెండు అధ్యాయాల్లో ముగించేవారు. టోల్కీన్ ఆ ఆరింటినీ వీడ్కోళ్ళకే ఖర్చు పెట్టాడు. మీకు కలిగిన దిగులు ఆయన కావాలని పెట్టినదే. ఒక జాగ్రత్త మాత్రం: నిద్ర, తిండి, పని వారాల తరబడి దెబ్బతింటుంటే దాన్ని పుస్తకం ఖాతాలో వెయ్యకండి, డాక్టరుకు చూపించుకోండి.

రెండో ముద్రణకు రాసిన ముందుమాటలో టోల్కీన్, తనకు లోపాలు చాలానే కనిపిస్తున్నా, ఇతరులూ ఎత్తిచూపిన ఒక్కటి మాత్రమే పైకి చెబుతానన్నాడు: పుస్తకం మరీ చిన్నదైపోయిందట! ఆ చిన్నదనాన్ని కొంత పూడ్చడానికే అనుబంధాలున్నాయి. మీరింకా తెరవలేదన్నారు కాబట్టి, ఒక లెక్కన పుస్తకం పూర్తికానే లేదు.

అనుబంధాలు ఎ నుంచి ఎఫ్ దాకా ఆరు. వరసగా చదవకండి, ఎ లోని రాజుల జాబితాల దగ్గరే ఆగిపోతారు. ముందు బి తెరవండి. అది సంవత్సరాల వారీ కాలక్రమం. దాని చివర, ఉంగరం తర్వాత సహచరులు ఏమయ్యారో చెప్పే ఒకటి రెండు పేజీలుంటాయి. శామ్ ఏడుసార్లు మేయరుగా ఎన్నికవుతాడు. హాబిట్లనే పొట్టి జనం ఉండే షైర్ దేశపు లెక్కలో 1482లో శామ్ భార్య రోజీ చనిపోతుంది, అదే ఏడు సెప్టెంబరు 22న శామ్ ఇల్లు వదిలి రేవుకు వెళ్ళాడని చెప్పుకుంటారు. 1541లో రాజు ఆరగార్న్ చనిపోయాక ఎల్ఫు లెగొలాస్ ఓడ కట్టుకుని మరుగుజ్జు గిమ్లీతో కలిసి సముద్రం దాటుతాడు. వర్ణన ఒక్క ముక్క లేదు, తేదీలూ వాక్యాలూ అంతే. నవల చదివి వచ్చినవాళ్ళను అవే కదిలిస్తాయి. 'తర్వాత ఏమైంది' అన్న దురద చాలావరకు అక్కడ తీరుతుంది.

తర్వాత ఎ లోంచి ఆరగార్న్, ఆర్వెన్‌ల కథ ఒక్కటీ తీసి చదవండి. నవలలో ఆర్వెన్ దాదాపు మాట్లాడదు. ఆమె ఏం వదులుకుందో తెలిసేది ఇక్కడే. ఇది బరువైన కథ. పడుకునే ముందు వద్దు. సి వంశవృక్షాలు, డి పంచాంగం, ఇ లిపులు, ఎఫ్ భాషలు. వీటిలో డి ఒక్కటి మళ్ళీ చదివేటప్పుడు అక్కరకొస్తుంది, మిగతావి ఇష్టమున్నప్పుడు చూసుకోవచ్చు.

ఇంకా కొనసాగింపు కావాలనిపిస్తే రెండు సంగతులు తెలిసుండాలి. టోల్కీన్ చివరి అధ్యాయం తర్వాత ఒక ఉపసంహారం రాశాడు. చాలా ఏళ్ళ తర్వాత శామ్ తన పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పే దృశ్యం. ప్రచురణకు ముందు తీసేశాడు. కొడుకు క్రిస్టఫర్ సంపాదకత్వంలో 1992లో వచ్చిన 'సౌరాన్ డిఫీటెడ్' సంపుటంలో అది దొరుకుతుంది. చదివితే బాగుంటుంది, ఎందుకు తీసేశాడో కూడా అర్థమవుతుంది: గ్రే హేవెన్స్ అధ్యాయం చివరి వాక్యం తర్వాత ఇంకేం చెప్పినా ఎక్కువే. రెండోది, ఆరగార్న్ కొడుకు కాలంలో జరిగే 'ద న్యూ షాడో' అనే కథ మొదలుపెట్టి కొద్ది పేజీలకే వదిలేశాడు. అది ఉత్త థ్రిల్లర్‌గా తేలుతుందనీ, రాయదగినది కాదనీ ఆయనకే అనిపించింది. అంటే రాసినాయనే ఆ లోకానికి తిరిగి వెళ్ళబోయి వెనక్కి వచ్చేశాడు.

మీరు మర్నాడే మొదలుపెట్టి ఆపేయడంలో వింతేమీ లేదు. అప్పుడు కథ అంతా కళ్ళ ముందే ఉంటుంది, కాబట్టి కళ్ళు వాక్యాల మీద జారిపోతాయి. చదువుతున్నామనుకుంటాం గానీ జ్ఞాపకంతో సరిచూసుకుంటూ ఉంటాం. అందులోనూ ఈ నవల మొదలు నెమ్మది: మొదటి అధ్యాయంలో పుట్టినరోజు విందు, రెండో అధ్యాయానికి వచ్చేసరికి పదిహేడేళ్ళు గడిచిపోతాయి, ఆ అధ్యాయం దాదాపు అంతా సంభాషణే. ఉంగరం పడిన అగ్నిపర్వతం మౌంట్ డూమ్ వేడిలోంచి తిన్నగా అక్కడికి వస్తే చప్పగానే ఉంటుంది.

ఇష్టమైన దృశ్యాలు మాత్రమే ఏరుకుని చదవడం ఇంకో పొరపాటు. హెల్మ్స్ డీప్ యుద్ధమో, రోహిరిమ్ గుర్రాల రాకో పదేపదే తిరగేస్తే కొన్నాళ్ళకు అవి అరిగిపోతాయి. వాటికి బలం ముందున్న వంద పేజీల నడక నుంచి వచ్చింది. నడక లేకుండా యుద్ధం చదివితే కత్తుల చప్పుడే మిగులుతుంది.

సినిమాలు కూడా వెంటనే వద్దు. 2001 నుంచి 2003 దాకా పీటర్ జాక్సన్ తీసిన మూడూ బాగా తీసినవే, అసలు ఇబ్బంది కూడా అదే. మీ మనసులో గీసుకున్న ముఖాలు ఇంకా తడారలేదు, నటుల ముఖాలు వాటి మీద అచ్చైపోతాయి. పైగా వాటిలో టామ్ బాంబడిల్ లేడు, షైర్‌ను దుండగుల చేతిలోంచి విడిపించుకునే అధ్యాయం లేదు. మళ్ళీ చదవడం అయ్యాక చూడండి.

ఈ బాధలో ఉన్నవాళ్ళు కొనే తప్పు పుస్తకం 'ద సిల్మరిలియన్'. 1977లో వచ్చిన ఆ పుస్తకం గొప్పదే, కానీ అందులో హాబిట్లు దాదాపు లేరు. పురాణమూ చరిత్రా కలిసిన శైలి, వందల పేర్లు. షైర్ కోసం వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళు దేవతల పట్టిక దగ్గరే దిగిపోతారు. ఆ పుస్తకం మీద అకారణంగా చెడ్డ ముద్ర పడేది ఇలాగే. దాని బదులు 1980లో వచ్చిన 'అన్‌ఫినిష్డ్ టేల్స్' లోంచి రెండు ముక్కలు చదవండి: మాంత్రికుడు గాండాల్ఫ్ మరుగుజ్జుల ప్రయాణంలోకి ఫ్రోడో బంధువు బిల్బోను ఎందుకు లాగాడో చెప్పే 'ద క్వెస్ట్ ఆఫ్ ఎరెబోర్', శత్రువు పంపిన నల్లరౌతులు షైర్ దాకా ఎలా వెతుక్కుంటూ వచ్చారో చెప్పే 'ద హంట్ ఫర్ ద రింగ్'. రెండోది మళ్ళీ చదవబోయే ముందు చదివితే మొదటి భాగంలో ప్రతి గుర్రపు డెక్క చప్పుడూ వేరుగా వినిపిస్తుంది.

ఇక ఆ ఖాళీ గంట. అదే మూసలోని ఇంకో లావుపాటి ఫాంటసీ పట్టుకోకండి. ప్రతి పేజీలో పోలిక పెట్టి పాపం దాన్ని చంపేస్తారు. చిన్నవి, ముగింపు దగ్గర్లో ఉన్నవి, రుచి వేరుగా ఉన్నవి కావాలి. తెలుగులో దాసరి సుబ్రహ్మణ్యం చందమామకు రాసిన సీరియళ్ళు ఈ పనికి చక్కగా సరిపోతాయి. తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గం. పత్రికలో రచయిత పేరు లేకుండా, చిత్రా బొమ్మలతో వచ్చినవి. ప్రతి భాగం కొద్ది పేజీలే, ప్రతి భాగం చివరా ఒక ఆపద. అక్కడ వీడ్కోళ్ళకు చోటు లేదు, కథ పరిగెడుతుంది. మనసుకు కావాల్సింది ప్రస్తుతం ఆ పరుగే.

ఈ వారంలోనే చెయ్యాల్సిన చిన్న పని ఇంకొకటి. ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాయండి: ఎక్కడ చదవడం ఆపి ఊపిరి పీల్చుకున్నారు, ఏ పాత్ర నచ్చలేదు, ఏ చోటు విసుగనిపించింది, ఏ ప్రశ్నకు జవాబు దొరకలేదు. మడిచి మూడో సంపుటంలో పెట్టేయండి. మళ్ళీ చదివాక తీసి చూసుకోవాలి. బోరొమిర్ నచ్చలేదని రాసినవాళ్ళు రెండోసారి ఆ మాట కొట్టేస్తారు, చాలామంది విషయంలో జరిగేదే.

ఎన్నాళ్ళు ఆగాలి? ఆరు నెలలకు తక్కువ కాకుండా, ఏడాదైతే ఇంకా మంచిది. రోజులు లెక్కపెట్టడం కంటే నమ్మదగిన పరీక్ష ఒకటుంది. బ్రీ ఊరి నుంచి వెదర్‌టాప్ గుట్ట దాకా వాళ్ళు ఏ దారిన వెళ్ళారో గుర్తు చేసుకోండి. అడవి, దోమల బురదనేల, గుట్టలు అంటూ గడగడా చెప్పగలిగితే ఇంకా ఆగండి. 'ఏదో చిత్తడి ఉండాలి' అన్న స్థితికి వస్తే పుస్తకం తెరవవచ్చు.

చెడిపోతుందా అన్న భయానికి జవాబు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగోలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ 2011లో చేసిన ప్రయోగంలో, ముగింపు ముందే తెలిసినా కథ మీద ఇష్టం తగ్గలేదు, కాస్త పెరిగింది కూడా. అవి చిన్న కథలు, కాబట్టి దాన్ని యథాతథంగా నవలకు అతికించను. టోల్కీన్ స్నేహితుడు సి.ఎస్. లూయిస్ అభిప్రాయం నాకు ఇంకా దగ్గరగా తోస్తుంది: మొదటిసారి మనల్ని లాక్కెళ్ళేది తర్వాత ఏమవుతుందన్న ఆత్రం, అది చల్లారాక గానీ కథలోని అసలు అందం చేతికి రాదు. సుందరకాండ పారాయణ చేసేవాళ్ళెవరూ హనుమంతుడికి సీత కనిపిస్తుందో లేదో తెలుసుకోవడానికి పుస్తకం తెరవరు కదా. రెండోసారి మొదటిసారిలా ఉండాలని పట్టుబడితే మాత్రం నిరాశే. మొదటిసారి కనబడని వాటి కోసం వెళ్ళాలి. అవి ఈ పుస్తకంలో దండిగా ఉన్నాయి.

అన్నిటికంటే విలువైన పోగు, బిల్బో కంటే ముందు ఉంగరాన్ని దాచుకుని దానికి బానిసైన గొల్లుం మీద జాలి. మొదటి భాగం రెండో అధ్యాయంలో, బిల్బో ఆనాడే వాణ్ణి చంపెయ్యకపోవడం ఎంత పొరపాటని ఫ్రోడో అంటాడు. చంపకుండా ఆపింది జాలేనని గాండాల్ఫ్ జవాబు. మొదటిసారి అదొక నీతివాక్యంలా దాటిపోతుంది. నాలుగో భాగం మొదటి అధ్యాయంలో గొల్లుం వాళ్ళ చేతికి చిక్కినప్పుడు అదే సంభాషణ ఫ్రోడో చెవుల్లో వినిపిస్తుంది. మూడో అధ్యాయంలో ఫ్రోడో హెచ్చరిస్తాడు: ఉంగరం నేను పెట్టుకుని ఆజ్ఞాపిస్తే నిప్పులో దూకమన్నా దూకుతావు అని. ఎనిమిదో అధ్యాయంలో, మెట్ల మీద నిద్రపోతున్న ఫ్రోడోను చూసి గొల్లుం ముఖం మారుతుంది. వణుకుతున్న చెయ్యి చాచి మెల్లగా మోకాలు తాకుతాడు. అప్పుడే శామ్ లేచి కసురుకుంటాడు. అంతే, ఆ క్షణం పోతుంది. మొదటిసారి చదివినప్పుడు శామ్ పక్షాన ఉంటాం. రెండోసారి ఆ పేజీ దగ్గర శామ్ నోరు మూయించాలనిపిస్తుంది. ఆరో భాగం మూడో అధ్యాయంలో అదే శామ్ కత్తి ఎత్తి కూడా గొల్లుంను చంపలేకపోతాడు, చంపి ఉంటే ఉంగరం నాశనమయ్యేదే కాదు. ఈ ఐదు చోట్లా పెన్సిల్‌తో మార్జిన్‌లో గీత పెట్టుకుంటూ వెళ్ళండి. నవల వెన్నెముక అదే. మొదటిసారి దాన్ని గుర్తించేవాళ్ళు అరుదు.

రెండో పోగు వస్తువులు. సమాధి దిబ్బల దగ్గర బాంబడిల్ హాబిట్లకు ఇచ్చిన పాత బాకులు గుర్తున్నాయా? మొదటి భాగం ఎనిమిదో అధ్యాయం. అలాంటి బాకుతోనే మెర్రీ ఐదో భాగం ఆరో అధ్యాయంలో నల్లరౌతుల నాయకుడైన మాంత్రిక రాజును వెనక నుంచి పొడుస్తాడు. అతని రాజ్యంతో పోరాడిన కాలంలో చేసిన కత్తి అది, ఇంకే కత్తీ ఆ గాయం చెయ్యలేదని పుస్తకమే చెబుతుంది. బాంబడిల్ అధ్యాయాలు అనవసరమనేవాళ్ళకు ఇది చూపించండి. గలాడ్రియల్ శామ్‌కు ఇచ్చిన మట్టి పెట్టె రెండో భాగంలో వస్తుంది, దాని పని చివరి అధ్యాయంలో గానీ జరగదు.

మూడోది పాటలు. మొదటిసారి అందరూ దాటేసేవి ఇవే. దారి ముందుకు సాగుతూ ఉంటుందనే పాట మూడుసార్లు వస్తుంది. మొదటి అధ్యాయంలో బిల్బో ఉత్సాహపు అడుగులతో పాడితే, మూడో అధ్యాయంలో ఫ్రోడో నోట అవి అలసిన అడుగులవుతాయి. మారింది ఒక్క మాటే. ఆరో భాగం ఆరో అధ్యాయంలో ముసలి బిల్బో పాడేటప్పటికి, దారి ఇక వేరేవాళ్ళు పట్టాలి, నేను సత్రానికి మళ్ళుతాను అనే స్థితికి వస్తుంది. మూడో అధ్యాయంలోని ఇంకో నడకపాట కూడా చివరి అధ్యాయంలో కొద్ది మార్పులతో తిరిగి వస్తుంది. వీటిని పైకి చదవాలి. కళ్ళతో చదివితే మళ్ళీ దాటేస్తారు.

నాలుగోది తేదీలు. వెదర్‌టాప్ దగ్గర ఫ్రోడోకు కత్తిపోటు తగిలింది అక్టోబరు 6న. పెద్ద సాలీడు షెలాబ్ కాటు మార్చి 13న. యుద్ధం తర్వాత ఫ్రోడో ఎప్పుడెప్పుడు నలతపడ్డాడో చూడండి, ఆ తేదీలే. మొదటిసారి ఆ తేదీలు దాటిపోతాం, ఫ్రోడో వెళ్ళిపోవడం హఠాత్తుగా తోస్తుంది. రెండోసారి అది రెండేళ్ళుగా నెమ్మదిగా జరుగుతున్న సంగతని తెలుస్తుంది. మీ దిగులులో 'ఎందుకు వెళ్ళిపోయాడు' అన్న ముక్క ఉంటే దానికి మందు ఇక్కడుంది.

తేదీల వెంబడి చదివే పద్ధతి ఒకటి పాఠకుల్లో బాగా నడుస్తుంది: సెప్టెంబరు 22న మొదలు, ఉంగరం నాశనమైన మార్చి 25కు శిఖరం. మార్చి 25ను టోల్కీన్ సొసైటీ 2003 నుంచి టోల్కీన్ పఠన దినంగా జరుపుతోంది కూడా. (ఆరగార్న్ రాజ్యంలో కొత్త సంవత్సరం ఆ రోజే. మన ఉగాది ఆ దరిదాపుల్లో పడటం తెలుగు పాఠకులకు దక్కే అదనపు సరదా.) వినడానికి బాగుంటుంది గానీ ముందే లెక్క వేసుకోకపోతే రెండు చోట్ల తప్పుతుంది. మొదటి రెండు అధ్యాయాలు సెప్టెంబరు 22కల్లా ముగించాలి. 23 నుంచి అక్టోబరు 20 దాకా పది అధ్యాయాలు, తేలిక. 24, 25 తేదీల్లో రివెండెల్. అక్కణ్ణుంచి డిసెంబరు 25 దాకా కథ కదలదు. రెండు నెలల ఈ ఖాళీలోనే చాలామంది జారిపోతారు. 19 అధ్యాయాల 'ద హాబిట్'ను అక్కడ పెట్టుకోండి. జనవరి 13 నుంచి 15 మోరియా, ఆపైన నెల రోజులు లోత్లోరియన్‌లో మళ్ళీ ఖాళీ. అసలు ఇరుకు ఫిబ్రవరి 26 తర్వాత: మూడో భాగం మొదలు నుంచి మౌంట్ డూమ్ దాకా 34 అధ్యాయాలు, మీ చేతిలో 28 రోజులు. సగటు అధ్యాయం 36 నిమిషాలు, అంటే రోజుకు ముప్పావు గంట తప్పకుండా కావాలి. పిల్లల పరీక్షల కాలం అది, చూసుకోండి. ఇంకో చిక్కు: షైర్ పంచాంగంలో నెలలన్నీ 30 రోజులే, కాబట్టి ఫిబ్రవరి 30 కూడా ఉంది, చెట్లలాంటి ఎంట్‌ల సభ మొదలయ్యేది ఆ రోజే. దాన్ని మార్చి 1కి జరుపుకోవాలి. తేదీలన్నీ అనుబంధం బి లో, పంచాంగం డి లో ఉన్నాయి.

మార్చి 25 తర్వాతి ఆరు అధ్యాయాలు ఒక్క రాత్రిలో ఊదెయ్యకండి. రోజుకొకటి. మీ మొదటి దిగులు అంత గట్టిగా తగలడానికి, ఆ ఆరింటినీ ఒకే ఊపులో చదవడం కూడా కారణమై ఉండవచ్చు. దిగడానికి ఆయన ఆరు మెట్లు కట్టాడు, పరిగెత్తకుండా దిగండి. ఏడో రోజు అనుబంధం బి చివరి పేజీలు. రామాయణ పారాయణ చాలామంది పట్టాభిషేకంతో ముగించి ఉత్తరకాండ జోలికి పోరు. ఇక్కడా ఆరో భాగం ఐదో అధ్యాయంలో పట్టాభిషేకం ఉంది, పెళ్ళి ఉంది. నాలుగోసారో ఐదోసారో చదివేటప్పుడు, రోజులు బాగాలేకపోతే, అక్కడ ఆపుకోండి, తప్పేం లేదు. రెండోసారి మాత్రం చివరిదాకా వెళ్ళాలి, షైర్ విముక్తి అధ్యాయం రెండోసారే వంటబడుతుంది.

మూడు నుంచి ఆరు దాకా భాగాలను తేదీల ప్రకారం కలిపి చదవాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. ఆరగార్న్ వైపు ఒక అధ్యాయం, ఫ్రోడో వైపు ఒక అధ్యాయం. రెండోసారికి వద్దు. ఐదో భాగం చివర శత్రువు దూత ఫ్రోడో కవచాన్ని తెచ్చి చూపిస్తాడు. పుస్తకం వరసలో, ఫ్రోడో శత్రువుల చేతిలో ఉన్నాడని తప్ప మనకు అప్పటికి ఇంకేమీ తెలియదు, గాండాల్ఫ్‌తో పాటు మనకూ గుండె జారుతుంది. తేదీల వరసలో శామ్ అతన్ని విడిపించడం అప్పటికే చదివేసి ఉంటాం, ఆ దెబ్బ తగలదు. మూడోసారి సరదాగా చేసుకోవచ్చు.

కాపీ సంగతి. నవల మొత్తం ఒకే సంపుటంలో ఉన్నది వెయ్యి పేజీలు దాటుతుంది, పడుకుని చదవలేరు, మూడు సంపుటాలే సుఖం. పాఠం విషయంలో 2004లో యాభై ఏళ్ళ సందర్భంగా సరిచేసిన ముద్రణ, దాని తర్వాతివి నమ్మదగినవి. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత ప్రతి దొరికితే కొనే ముందు వెనక్కి తిప్పి చూడండి. 1968లో వచ్చిన ఒకే సంపుటం పేపర్‌బ్యాక్‌లో ఆరగార్న్, ఆర్వెన్‌ల కథ తప్ప అనుబంధాల్లో ఇంకేమీ లేవు. వంటింట్లో, బస్సులో వినాలంటే రాబ్ ఇంగ్లిస్ చదివినదీ, 2021లో ఆండీ సర్కిస్ చదివినదీ ఉన్నాయి. యాభై గంటల పైమాటే.

చివరిగా పాప. ముందు 'ద హాబిట్', అది పిల్లల కోసమే రాసినది. అందులో కూర్చోగలిగితే దీనికీ కూర్చుంటుంది. ముందుమాట తర్వాత వచ్చే హాబిట్ల పరిచయం వదిలేసి నేరుగా పుట్టినరోజు విందుతో మొదలుపెట్టండి. ఆ పరిచయంలో ఎవరెవరు బతికి బయటపడ్డారో తెలిసిపోయే సంగతులున్నాయి. పైకి చదవడం నిమిషానికి 150 మాటలకు మించదు, కాబట్టి సగటు అధ్యాయం ముప్పావు గంట దాటుతుంది. రెండు రాత్రులుగా విడగొట్టండి. 62 అధ్యాయాలు, 124 సార్లు కూర్చోవడం, వారానికి నాలుగుసార్లయితే 31 వారాలు. రివెండెల్ సభ మిగతా అధ్యాయాల కంటే ఎంతో పొడుగు. దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఎవరు మాట్లాడుతున్నారో మధ్యలో మీ మాటల్లో చెబుతూ పోవాలి. గొల్లుం గొంతు అనుకరించకండి. పేజీ తిరక్కుండానే గొంతు పట్టేస్తుంది. మోరియా వంతెన దగ్గర పాప ఏడిస్తే ఏడవనివ్వండి, గాండాల్ఫ్ సంగతి చెప్పెయ్యకండి.

నాలుగో భాగం తొమ్మిదో అధ్యాయం, షెలాబ్ గుహ, రాత్రి వద్దు. ఆదివారం పగలు పెట్టుకుని పదో అధ్యాయం కూడా అదే పూట ముగించండి, ఫ్రోడో బతికే ఉన్నాడని దాని చివర్లో గానీ తెలియదు. తెలిశాక కూడా ఐదో భాగం మొత్తం పది అధ్యాయాలు కథ అటు తిరగదు. మీ లెక్కలో ఐదు వారాలు. రోజూ అడుగుతుంది. 1954 నవంబరు 11న రెండో సంపుటం కొన్నవాళ్ళు మూడోదాని కోసం 1955 అక్టోబరు 20 దాకా ఆగారని చెప్పండి. ఊరుకోదనుకోండి, అయినా చెప్పి చూడండి.